డ్యూటీ దిగేదెప్పుడు?

గుంతకల్లు స్టేషనులో రైలు ఆగుతుంది. ముంబయి పోయేది కావచ్చు. చెన్నై పోయేది కావచ్చు. బళ్లారి నుంచి వచ్చి గుంటూరు వైపు పోయేది కావచ్చు. ఇంజనులోంచి డ్రైవరు దిగుతాడు. ఇంకొక డ్రైవరు ఎక్కుతాడు. దిగేవాడు ఎక్కేవాడికి చార్జి ఇస్తాడు. పుస్తకంలో సంతకం పడుతుంది. దిగిన మనిషి టిఫిను చేసి, కాళ్లు చాపుకుని పడుకుంటాడు. రైలు మాత్రం ఆగదు. ఇంకొకరి చేతిలో పోతూనే ఉంటుంది.

ఈ ఊళ్లో డ్యూటీ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1956 నుంచి ఇది రైల్వే డివిజను ఆఫీసు ఉన్న ఊరు. "మా నాయన డ్యూటీ దిగినాడు" అంటే ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడతారు. ఆయన నిద్ర చెడగొట్టకూడదు.

అదే ఇంట్లో అమ్మ డ్యూటీ ఎప్పుడు దిగుతుంది? ఆమె దగ్గర చార్జి తీసుకునేదెవరు?

ఇంటిపని ఒక్కటే ఉన్న ఆమెకే దీనికి జవాబు దొరకదు. ఇక ఇంటితో పాటు ఒక వ్యాపారాన్ని కూడా నడిపే ఆడమనిషి సంగతి ఏమిటి? తనొక్కతే కాదు, పదిమందిని వెంట పెట్టుకుని నడిపే ఆమె సంగతి ఏమిటి?

రొట్టెల సంఘం లీడరు

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆమెకు పేరు పెట్టాల్సిన పని లేదు. గుంతకల్లులో ఏ వీధిలో చూసినా ఇట్లాంటి ఆమె కనబడుతుంది.

మొగుడు గూడ్స్ షెడ్డులో హమాలీ. బండి వస్తే పని. రాకపోతే లేదు. ఇద్దరు బిడ్డలు. పెద్దపిల్లకు పన్నెండేళ్లు, ఏడో తరగతి. చిన్నోడికి రెండేళ్లు. ఇంట్లో అత్త ఉంది. ఆమెకు కండ్లు సరిగా కనపడవు.

వీళ్లకు పల్లెలో మూడెకరాల మెట్ట ఉంది. కానీ అనంతపురం జిల్లా వాన సంగతి అందరికీ తెలిసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. చెనిక్కాయ పూత మీద ఉన్నప్పుడు మొగం చాటేస్తుంది. కాయలు పెరికి ఆరబెట్టినప్పుడు వచ్చి తడిపిపోతుంది. పంట పోయిన ఏడాది పల్లె జనం బెంగళూరుకో, ఇంకెక్కడికో సుగ్గికి పోతారు. అందుకే ఇక్కడ ఆడవాళ్లు చేసే చిన్న వ్యాపారాన్ని చేతిఖర్చుకు అనుకోకూడదు. చాలా ఇండ్లల్లో పొయ్యి వెలిగేది దానితోనే.

ఆమె సంఘంలో పదిమంది. జొన్నరొట్టెలు చేసి హోటళ్లకు, అంగళ్లకు వేస్తారు. పెనం మీద బాగా ఎండనిచ్చిన రొట్టెలు చాలా రోజులు నిలువ ఉంటాయి. వాటికి తోడు చెనిక్కాయల పొడి. రొట్టెలు తట్టడం అందరికీ వచ్చు. మరి ఈమె లీడరు ఎట్లా అయింది? బ్యాంకులో ధైర్యంగా మాట్లాడుతుంది. అంగడాయన బాకీ పెడితే గట్టిగా అడుగుతుంది. రాయడం నేర్చుకుంది. కాబట్టి అందరూ "నువ్వే ఉండక్కా" అన్నారు. ఆ మాటకు ఆమె సంతోషపడింది. ఎందుకు పడకూడదు? అంతకుముందు ఆమెను ఎవరూ ఏ పనికీ ఎన్నుకోలేదు.

ఇక ఆమె రోజు చూడండి.

తెల్లవారి నాలుగున్నరకు లేస్తుంది. కసువు ఊడ్చి, నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లలను తయారుచేసి, అత్తకు కావలసినవి చూసే సరికి ఏడున్నర. అంటే ఇంటిపని 3 గంటలు. సంఘం షెడ్డుకు నడిచిపోవడానికి అరగంట. ఎనిమిది నుంచి పన్నెండు దాకా రొట్టెలు, 4 గంటలు. ఇంటికి వచ్చి అన్నం పెట్టడం, గిన్నెలు తోమడం 1 గంట. ఒంటిగంట నుంచి అయిదు దాకా బయటి పని. జొన్నలు కొనాలి, మిల్లుకు పోవాలి, అంగళ్లు తిరగాలి, బ్యాంకులో నిలబడాలి. అది 4 గంటలు. మళ్లీ అయిదు నుంచి తొమ్మిది దాకా ఇల్లు, 4 గంటలు. తొమ్మిది నుంచి పది దాకా లెక్కల పుస్తకం, 1 గంట.

ఇంటిపని 3, 1, 4 కలిపితే 8 గంటలు. సంఘం పని 4, 4, 1 కలిపితే 9 గంటలు. మొత్తం 17.

ఇంజను డ్రైవర్లు 1973లో సమ్మె చేశారు. రోజుకు 10 గంటలకు మించి డ్యూటీ వద్దని అడిగి, ప్రభుత్వం చేత ఒప్పించుకున్నారు. నిద్ర లేని మనిషి బండి నడిపితే ప్రమాదమని వాళ్లు చెప్పారు. అది నిజమే. 17 గంటల మనిషి గురించి మాత్రం ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. వీధిలో వాళ్లు "ఎంత ఓపికస్తురాలమ్మా!" అంటారు. మెచ్చుకుంటే మంచిదే. కానీ మెచ్చుకున్నంత మాత్రాన గిన్నెలు తోమినట్టు కాదు.

ప్రభుత్వం లెక్క

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. మనుషులు రోజంతా ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో 2019లో ప్రభుత్వం దేశమంతా అడిగి రాసింది. ఆరేళ్లు దాటిన వాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంది. వంట, ఊడ్వడం, తోమడం వంటి జీతం లేని ఇంటిపనిని 100 మంది ఆడవాళ్లలో 81 మంది చేస్తున్నారని తేలింది. మగవాళ్లలో ఆ పని ముట్టుకునేది 100కు 26 మందే. ముట్టుకున్న మగవాళ్లు కూడా అప్పట్లో రోజుకు సగటున 97 నిమిషాలు చేస్తే, ఆడవాళ్లు 299 నిమిషాలు చేశారు.

60 నిమిషాలు ఒక గంట. 299 నిమిషాలంటే 1 నిమిషం తక్కువ 5 గంటలు. 97 అంటే గంటన్నర మీద ఇంకొంచెం. పిల్లలను, ముసలివాళ్లను చూసుకోవడం ఇందులో లేదు. దాన్ని వేరే రాశారు.

ఈ 5 గంటలు ఎవరికీ కనపడవు. అన్నం తినేస్తే అయిపోతుంది. ఊడ్చిన వాకిట్లో మళ్లీ దుమ్ము పడుతుంది. రొట్టెల మూట అయితే కండ్లకు కనబడుతుంది. దానికి డబ్బు వస్తుంది. అందుకే రొట్టెలు తట్టడాన్ని పని అంటారు. ఇంట్లో అదే రొట్టె తడితే "ఊరికే ఇంట్లోనే ఉంది" అంటారు.

పెద్ద కంపెనీలో అయినా ఇదే మాట

పెద్ద చదువు, పెద్ద జీతం ఉన్న ఆడవాళ్లకు ఈ బాధ ఉండదని అనుకుంటారు. అమెరికాలో పెప్సీ కంపెనీ ఉంది. ఇక్కడి అంగళ్లలో కూడా దాని సీసాలు అమ్ముతారు. ఆ కంపెనీని 2006 నుంచి 2018 దాకా నడిపినామె ఇంద్రా నూయి. పుట్టింది చెన్నైలో. అంతకుముందు 2000లో, ఆమెను కంపెనీ అధ్యక్షురాలిగా ఎంచుకున్నారని ఒక రాత్రి తెలిసింది. ఆ సంతోషంతో ఇంటికి పోయింది. వాళ్లమ్మ ఎదురొచ్చి, ఇంట్లో పాలు లేవు, ముందు పోయి పాలు పట్టుకురా అంది. మొగుడు అంతకుముందే ఇంటికి వచ్చి ఉన్నాడు. ఆయన్ను ఎందుకు పంపలేదని అడిగితే, అలసిపోయి వచ్చాడు కదా అంది. ఈమె పాలు తెచ్చింది. తర్వాత తన సంగతి చెప్పింది. నీ కిరీటం బయట కారు షెడ్డులో పెట్టి ఇంట్లోకి రా అంది వాళ్లమ్మ. ఈ సంగతి ఇంద్రా నూయి చాలా ఏండ్ల తర్వాత తనే అందరికీ చెప్పింది.

విన్నవాళ్లు నవ్వుకుంటారు. కానీ ఒకటి గమనించాలి. అలసిపోయింది ఇద్దరూ. ఇబ్బంది పెట్టకూడదనుకున్నది ఒక్కరినే. గుంతకల్లులో డ్యూటీ దిగిన మనిషి ఇంటికీ, అమెరికాలోని ఆ ఇంటికీ అక్కడ తేడా లేదు.

ఒక తేడా మాత్రం ఉంది. డబ్బున్న ఆమె ఇంటిపనికి ఇంకొక ఆమెను పెట్టుకోగలదు. ఆ పనికి వచ్చే ఆమె తన బిడ్డను ఎవరి దగ్గర వదిలి వస్తుంది? సాధారణంగా ఇంకో ఆడమనిషి దగ్గరే. తల్లి దగ్గర, అక్క దగ్గర, లేదంటే పెద్దకూతురి దగ్గర.

కనపడని అప్పు

రొట్టెల సంఘంలో ఒక సంగతి జరిగింది. ఇట్లాంటిది చాలా సంఘాల్లో జరుగుతుంది.

మంగళవారం బ్యాంకు రోజు. లీడరు పొద్దున్నే పోవాలి. అత్తకు కండ్లు కనపడవు. చిన్నోడిని ఎవరు పట్టుకుంటారు? "ఈ ఒక్కరోజు బడికి పోవద్దులే" అని పెద్దపిల్లకు చెప్పింది. ఇంకో వారం పెద్ద ఆర్డరు వచ్చింది. పిల్ల రెండు రోజులు ఆగిపోయింది. తర్వాత సమాఖ్య మీటింగు. మూడు నెలలు గడిచే సరికి, వారానికి రెండు రోజులు బడి పోవడం అలవాటైంది. లెక్కల పాఠం వెనకబడింది. పిల్ల ఏడుస్తూ "నాకు బడి వద్దు, నాకేం రావడం లేదు" అంది.

తల్లి లెక్క నేర్చుకుని వ్యాపారం నడుపుతోంది. ఆ లెక్కే కూతురికి రాకుండా పోతోంది.

ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ బడి ఉచితం, తప్పనిసరి అని 2009లో చట్టం వచ్చింది. పిల్ల పేరు రిజిస్టరులో ఉంది కాబట్టి చట్టం కంటికి అంతా బాగానే ఉంది. సంఘం పుస్తకంలో కూడా లాభమే కనబడుతోంది. పిల్ల పోగొట్టుకున్న రోజులు రాసే గడి ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక్కడ తల్లిని తప్పు పట్టడం సులభం. "వ్యాపారం ఎందుకు? ఇంట్లో ఉండి పిల్లలను చూసుకోవచ్చు కదా" అనేవాళ్లు ఉంటారు. ఆ మాట అనేవాళ్లు గూడ్స్ షెడ్డులో పని లేని రోజు బియ్యం తెచ్చి ఇవ్వరు. తప్పు ఆమె వ్యాపారం చేయడంలో లేదు. పదిమంది వ్యాపారం భారాన్ని ఒకరి ఇంటి మీద పెట్టడంలో ఉంది.

లాభమా? నష్టమా?

ఇది డబ్బులో కూడా లెక్క వేసి చూడవచ్చు.

ఒకరోజు 200 రొట్టెలు చేశారనుకుందాం. ఒకటి 8 రూపాయల లెక్కన 1600 వచ్చింది. జొన్నలు, మిల్లు, గ్యాసు, కవర్లు, ఆటో అన్నీ కలిపి ఖర్చు 900. మిగిలింది 700. ఆ రోజు నలుగురు 4 గంటలు కూర్చుని రొట్టెలు తట్టారు. ఒక్కొక్కరికి 150 కూలి. మొత్తం 600. సంఘానికి మిగిలిన లాభం 100 రూపాయలు. పుస్తకంలో ఇట్లాగే రాశారు. అందరూ బాగుందన్నారు.

ఆ నలుగురిలో లీడరు కూడా ఉంది. ఆమెకూ 150 వచ్చింది. కానీ మధ్యాహ్నం ఆమె ఇంకో 4 గంటలు తిరిగింది. జొన్నలు ఎవరు తెచ్చారు? మిల్లు దగ్గర ఎవరు నిలబడ్డారు? అంగళ్ల బాకీ ఎవరు వసూలు చేశారు? దానికి కూలి రాయలేదు. అదే కూలి, 150 రూపాయలు రాస్తే?

100 లాభం పోయి, 50 నష్టం వస్తుంది.

అంటే ఈ వ్యాపారం లాభంతో నడవడం లేదు. లీడరు నిద్రతో, ఆమె కూతురి బడితో నడుస్తోంది. ఈ సంగతి తెలిస్తే చేయాల్సింది వేరే ఉంటుంది. రొట్టె ధర పెంచాలేమో. రోజూ మిల్లుకు పోకుండా వారానికి ఒకసారి పోవాలేమో. ఒక్కో అంగడికి తిరగకుండా, అంగడివాళ్లే వచ్చి తీసుకుపోయేట్టు మాట్లాడుకోవాలేమో. లెక్క రాయకపోతే వీటిలో ఒక్కటీ తోచదు. "వ్యాపారం బాగానే ఉంది, లీడరే ఎందుకో చిరాకు పడుతుంది" అనుకుంటారు.

"సంఘం సేవకు కూలి ఏమిటి?" అని కొందరు లీడర్లే సిగ్గుపడతారు. పొదుపు పుస్తకం రాయడం సేవ కావచ్చు. రోజూ నాలుగు గంటలు తిరగడం సేవ కాదు, పని.

లీడరు అయ్యేదెవరు?

మన రాష్ట్రంలో సంఘాల కథ పాతదే. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. 1999లో ఆ పథకం వేరేదానిలో కలిసిపోయింది. అయినా జనం నోట్లో డ్వాక్రా పేరు ఉండిపోయింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అప్పులు ఇప్పించి చూసింది. తాకట్టు లేకుండా, పదిమంది మాట మీద అప్పు. 2000లో వెలుగు పథకం మొదలుపెట్టిన ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పట్టణాల్లో సంఘాల పని చూడటానికి 2007లో మెప్మా వచ్చింది. ఇదే అనంతపురం ప్రాంతంలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి దగ్గర, 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. దాని తోడుతో అక్కడి ఆడవాళ్లు తమ పొదుపు సహకార సంఘాలను తామే నడుపుకుంటున్నారు.

ఇన్ని సంఘాలు వచ్చాయి. లక్షల మంది ఆడవాళ్లు బ్యాంకు గడప ఎక్కారు. ఇది చిన్న సంగతి కాదు. కానీ సంఘాలను దగ్గరగా చూస్తే ఒకటి కనబడుతుంది. ఒకే ఆమె ఏండ్ల తరబడి లీడరుగా ఉంటుంది. ఎందుకని అడిగితే "ఆమెకే తెలివి ఉంది" అంటారు. కొన్నిచోట్ల అది నిజం. చాలాచోట్ల నిజం వేరే. ఆమె ఇంట్లో గట్టి అత్త ఉంటుంది, లేదా పిల్లలు పెద్దవాళ్లయి ఉంటారు. ఆమెకు బయటికి పోయే తీరిక ఉంది. చంటిబిడ్డ తల్లికి తెలివి ఉన్నా తీరిక లేదు. ఒంటరి ఆడమనిషికి ధైర్యం ఉన్నా, ఇల్లు చూసే దిక్కు లేదు. వాళ్లు లీడరు కాలేరు. మీటింగులో కూడా వెనక కూర్చుని, చంటిదాన్ని ఊపుతూ, సగం మాటలు వింటారు.

ఇంకొక సంగతి కూడా ఉంది. పేరు ఆమెది, పెత్తనం మొగుడిది. బ్యాంకుకు ఆయన పోతాడు. "ఆమెకు ఇంటిపని సరిపోతుంది, నేను చూసుకుంటాలే" అంటాడు. వినడానికి సాయం చేసినట్టే ఉంటుంది. ఆయన తీసుకున్న భారం మాత్రం గిన్నెలది కాదు, పాసుబుక్కుది. నిజంగా సాయం చేయాలంటే ఆయన ఇంట్లో గిన్నెలు తోమి, ఆమెను బ్యాంకుకు పంపాలి.

ఇంకొక చోట ఏం చేశారు?

1959 మార్చి 15న బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారు. అదే లిజ్జత్ అప్పడం. ఇల్లు వదిలి రాలేని ఆడవాళ్ల కోసం వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిండి ఒకచోట కలుపుతారు. పొద్దున వచ్చి పిండి తీసుకుపోవాలి. ఇంట్లో వీలైనప్పుడు ఒత్తి, ఆరబెట్టి, మరుసటి రోజు తెచ్చి తూకం వేసి ఇవ్వాలి. పని చేసేవాళ్లే యజమానులు. ఏడుగురు వేలమంది అయ్యారు.

ఈ పద్ధతిలో మంచి ఉంది. చంటిబిడ్డ తల్లి కూడా చేయగలదు. కానీ ఇంట్లో చేసే పనికి గంట కొట్టేవాళ్లు ఉండరు. అప్పడాలు ఒత్తుతూనే పాలు పొంగకుండా చూడాలి. ఇంట్లోనే ఉంది కదా అని అందరూ పిలుస్తూనే ఉంటారు. కాబట్టి పనిని ఇంటికి తెచ్చుకుంటే సగం కష్టమే తీరుతుంది.

తెలంగాణలో ముల్కనూరు ఉంది. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 2002 నుంచి అక్కడ ఆడవాళ్ల పాల డెయిరీ నడుస్తోంది. సభ్యులూ ఆడవాళ్లే, డైరెక్టర్లూ ఆడవాళ్లే. ప్రభుత్వం చేయి పెట్టకుండా సంఘాలు తమను తాము నడుపుకోవడానికి 1995లో వచ్చిన సహకార చట్టం కింద ఇట్లాంటివి పెట్టుకున్నారు. పాలు ఊళ్లోనే పోస్తారు. పాల క్యాను నెత్తిన పెట్టుకుని పట్నం పోయే పని లేదు. ఇంటికి దగ్గరగా పని ఉంటే ఎంతమంది ముందుకు వస్తారో అక్కడ తెలిసింది.

కార్ఖానాలు పెట్టిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. హైదరాబాదులో 1993లో అలీప్ అనే సంఘం పెట్టుకున్నారు. గాజులరామారంలో ఆడవాళ్ల కార్ఖానాల కోసమే ఒక పారిశ్రామిక వాడ తెచ్చుకున్నారు. పదిమంది ఒకచోట ఉంటే ఒకరి కష్టం ఇంకొకరికి తెలుస్తుంది.

కాన్పు సంగతి కూడా చెప్పాలి. 2017లో చట్టం మార్చి, 10 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట ఉద్యోగం చేసే ఆమెకు మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో సెలవు ఇచ్చారు. మంచిదే. కానీ సొంతంగా అంగడి పెట్టుకున్న ఆమెకు జీతం ఇచ్చేదెవరు? సంఘం నడిపే ఆమెకు సెలవు ఇచ్చేదెవరు? ఆమె సంఘమే ఇవ్వాలి. అంటే ఆమె లేని మూడు నెలలు పని తెలిసిన ఇంకొకామె ఉండాలి. లేకపోతే పచ్చి బాలింత బ్యాంకులో నిలబడుతుంది.

ఇంట్లో మాట

కావడికి రెండు పక్కలా కడవలు ఉంటాయి. మోసే భుజం మాత్రం ఒకటే. కొంతసేపు మోశాక భుజం మార్చుకోవాలి, లేదంటే ఇంకొకరికి ఇవ్వాలి. ఇల్లు ఒక కడవ, వ్యాపారం ఒక కడవ. రెండూ సమానంగా ఉంచుకో అని ఆమెకు అందరూ చెబుతారు. కావడి కాసేపు నేను పడతానని చెప్పేవాళ్లు తక్కువ.

పిల్ల బడి వద్దన్న రాత్రి ఆ ఇంట్లో మాట నడిచింది.

"ఏమయ్యా, మంగళవారం పిల్లను ఆపను. చిన్నోడిని నువ్వు చూసుకో."

"నాకు పనుంటే?"

"పనుంటే సరే. లేని రోజు చెట్టు కింద కూర్చుంటావు కదా. ఆ రోజు ఇంట్లో కూర్చో."

అత్త మంచం మీదినుంచి అంది: "మొగోడు పిల్లోడి ముడ్డి కడిగితే వీధిలో నవ్వరా?"

"పిల్ల బడి మానేస్తే నవ్వరు గదా అత్తా. అందుకే అందరూ మాన్పిస్తారు."

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. మంచి మనిషే. కానీ గూడ్స్ షెడ్డులో అతనికి షిఫ్టు తెలుసు, ఇంట్లో షిఫ్టు అనేది ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు. చివరికి "నీళ్లు పట్టేది కూడా నేనే చూస్తాలే. వంట మాత్రం నాకు రాదు" అన్నాడు.

"రాకపోతే నేర్చుకుంటావు. నేను సంతకం నేర్చుకోలేదా?"

ఒక్క రాత్రితో అంతా మారిపోదు. మొదటి వారం నీళ్లు పట్టాడు. రెండో వారం మర్చిపోయాడు. మూడో వారం మళ్లీ పట్టాడు. చూసినవాళ్లు నిజంగానే నవ్వారు. కొన్నాళ్లకు నవ్వడం మానేశారు.

సంఘంలో తీర్మానం

ఇంట్లో మాట్లాడితే చాలదు. మొగుడు లేని ఆమె ఎవరితో మాట్లాడుతుంది? సుగ్గికి పోయిన మొగుడు నీళ్లు పట్టలేడు కదా. కాబట్టి ఆమె సంగతి సంఘంలో పెట్టింది. 150 రూపాయల లెక్క పలక మీద రాసి చూపించింది. కొందరికి కోపం వచ్చింది.

"అయితే ఇన్నాళ్లూ మేము నీ కష్టం తిన్నామంటావా?" అని ఒకామె అడిగింది.

"తిన్నారు వదినా. నేనే పెట్టినాను. లెక్క నాకూ తెలియలేదు."

చంటిబిడ్డ తల్లి వెనకనుంచి మెల్లగా అంది. ఆ సంఘంలో ఆమె గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి. "మీటింగు రాత్రి ఎనిమిదికి పెడతారు. అప్పుడు నా బిడ్డ పాలు తాగి పడుకునే వేళ. మధ్యాహ్నం పెడితే నేను కూడా బ్యాంకుకు పోతాను. నాకు చదవడం వచ్చు."

అంతవరకూ ఆమెకు చదవడం వచ్చని సగం మందికి తెలియదు.

గంటన్నర మాట్లాడుకున్నారు. అన్నీ తేలలేదు. రొట్టె ధర పెంచే మాట వచ్చే నెలకు వాయిదా పడింది, ఎందుకంటే పక్క వీధిలో ఇంకొక సంఘం 7 రూపాయలకే అమ్ముతోంది. పిల్లలను చూడటానికి ఒక ముసలామెను పెట్టుకుని తలా కొంత ఇద్దామని ఒకరన్నారు. ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ఉంది కదా, డబ్బు ఎందుకని ఇంకొకరన్నారు. అంగన్‌వాడీ మూసిన తర్వాత ఎవరు చూస్తారని మరొకరు అడిగారు. అదీ తేలలేదు.

తేలినవి మాత్రం చంటిబిడ్డ తల్లి చేత తీర్మానాల పుస్తకంలో రాయించారు. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది. మీటింగు ఇకనుంచి మధ్యాహ్నం రెండున్నరకు. బ్యాంకుకు నెలకు ఒకరు వంతు, ఎవరి వంతు వాళ్లది. మిల్లుకు వారానికి ఒకసారి, ఇద్దరు కలిసి. బయట తిరిగినవాళ్లకు ఆ గంటల కూలి రాయాలి. ఏడాదికి ఒకసారి లీడరు మారాలి, పాత లీడరు కొత్త ఆమెకు నెలరోజులు పని నేర్పి చార్జి ఇవ్వాలి.

చార్జి అనే మాట రాసేటప్పుడు అందరూ నవ్వారు. రైల్వే ఊరు కదా. పదిమందీ సంతకాలు పెట్టారు. ఇద్దరు వేలిముద్ర వేయబోయి, ఆగి, పేరు రాశారు.

వచ్చే మంగళవారం బ్యాంకు వంతు చంటిబిడ్డ తల్లిది. ఆమె బిడ్డను లీడరు ఇంట్లో వదిలిపోయింది. లీడరు ఇద్దరు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని జొన్నలు చెరుగుతోంది. గడప దగ్గర పెద్దపిల్ల చెప్పులు వేసుకుంటోంది. భుజాన బడి సంచి ఉంది.